లైటు గది అద్దం

లెన్సు తుడిచే గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని మరోసారి వాసన చూశాడు ఫొటోగ్రాఫరు. సందేహం లేదు, సబ్బు వాసనే.

"ఈ గుడ్డ ముట్టుకున్నావా?" అని వంటింట్లోకి కేకేశాడు.

"ఉతికానండీ" అంది భార్య.

"ఎందుకు ఉతికావు?"

"కుట్ర పన్ని."

ఆవిడ నవ్వులాటకే అన్నా అతను గుడ్డను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. అతనిది ఎండుకట్టెలాంటి శరీరం. ఏళ్ళ తరబడి సంచీ మోసి కుడి భుజం దిగిపోయింది. కెమెరాలోంచి చూసీ చూసీ ఎడమ కన్ను సగం మూతపడే ఉంటుంది, అన్నం తినేటప్పుడు కూడా. దాంతో ఎదుటివాళ్ళకు తమను శంకిస్తున్నాడేమో అనిపిస్తుంది. చాలామట్టుకు అది నిజమే.

సాయంత్రం సంచీని పొట్టకు హత్తుకుని కచేరీ హాలుకు నడిచాడు. అక్కడ ఫ్లాష్ వాడకూడదు. ఉన్న మసక వెలుతురులోనే ఫొటో తీయాలి. అందుకు అతనికో పద్ధతి ఉంది. స్తంభానికి భుజం ఆనించి, మోచేతులు పక్కటెముకలకు అదిమిపెట్టి, ఊపిరి బిగబట్టి కాచుకుంటాడు. పాడేవాళ్ళు ఒక చరణం ముగించి గుక్క తిప్పుకునేటప్పుడు ఓ క్షణం ముఖం కదలకుండా నిలుస్తుంది. నొక్కాల్సింది అప్పుడే. అలా తీసిన ఫొటోలతో హాలు గోడలు నిండిపోయాయి.

లైటు మనిషి లేకపోతే ఇంకా మంచివి తీసేవాణ్ణని అతని నమ్మకం. పైన చిన్న గదిలో కూర్చునే ఆ బట్టతల ముసలాయన, ఇతను కెమెరా ఎత్తగానే వేదిక మీద వెలుతురు కొంచెం పెంచేవాడు. మొదట్లో ముఖాలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబోయాయి. పగబట్టాడని ఇతనికి అర్థమైపోయింది. అప్పటినుంచి వెలుతురు తక్కువ పడేలా ముందుగానే షట్టరు వేగం పెంచి ఉంచుకునేవాడు. ఫొటోలు అద్దంలా వచ్చేవి. "వాడి ఎత్తుకు పైఎత్తు వేశాను" అని ఇంట్లో మీసం మెలేసేవాడు.

గది కిటికీలో బస్సు పక్కన ఉండేలాంటి గుండ్రటి అద్దం ఒకటి ఊచకు కట్టి ఉండేది. నిఘా కోసమేనని ఇతను ఓసారి చెప్పాపెట్టకుండా ఇంకో స్తంభం దగ్గరికి మారాడు. మర్నాటికల్లా అద్దమూ అటు తిరిగింది. ఆ వారమే టీ దగ్గర, "ఎక్కడ నిలబడతారో ముందే చెబితే బావుంటుందండీ" అన్నాడు ముసలాయన. "ఎందుకు?" అంటే "ఊరికే" అని నవ్వాడు. ఆ నవ్వు ఇతనికి ఇప్పటికీ అరగలేదు.

మేనేజరు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దావిడ ఇవాళ్టితో పాట ఆపేస్తోంది. ఇన్నాళ్ళూ ఫొటో వద్దంది, ఇవాళ ఒప్పుకుంది. గోడ మీద ఆవిడ లేకపోతే ఎలా? ఇవాళ తప్పితే మళ్ళీ దొరకదు. అన్నట్టు, ఇంకో మాట..."

వేరే ఫొటోగ్రాఫర్ని కూడా పిలిచి ఉంటాడని ఇతనికి తోచింది. "నాకు తెలుసులెండి" అని ఇతను ముఖం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పెద్దావిడ తెల్లటి జుట్టుతో, తల వంచుకుని పాట మొదలుపెట్టింది. ఇతను షట్టరు వేగం పెంచుకుని కాచుకున్నాడు. గుక్క తిప్పుకుంది. కెమెరా ఎత్తి నొక్కాడు. వెలుతురు పెరగలేదు. ఫొటో బొగ్గులా వచ్చింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ బొగ్గే. దించినట్టే దించి చటుక్కున ఎత్తాడు. పైన చలనం లేదు. ఇదేదో కొత్త ఎత్తు, అదీ ఇవాళే! విరామం గంట మోగేసరికి ఒళ్ళు మండిపోయి ఇనప మెట్లెక్కాడు.

గదిలో ఎవరో లావుపాటాయన.

"ఆయనేడీ?"

"మీకు చెప్పలేదాండీ? పొద్దున నిద్రలోనే పోయారు. కచేరీ ఆపొద్దని వాళ్ళావిడే కబురు పంపింది." లావుపాటాయన నుదురు తుడుచుకున్నాడు. "మీరు కెమెరా ఎత్తినప్పుడల్లా ఆయన వెలుతురు పెంచేవారట కదా. నాకంత పనితనం లేదండీ. పాట చూడాలా, మిమ్మల్ని చూడాలా?"

"పెంచేవాడని ఎవరు చెప్పారు?"

"ఆయనే. ఆ గోడ మీదవాటిలో సగం ఫొటోలు నావేరా అని మురిసిపోయేవారు."

ఇతను అద్దంలోకి చూశాడు. అందులో వేదిక లేదు. స్తంభమూ దాని మొదట్లో తన సంచీ మాత్రమే ఉన్నాయి.

"మరి నాకెప్పుడూ చెప్పలేదే?"

లావుపాటాయన నసిగాడు. "నేనూ అదే అడిగానండీ. చెబితే మీరు నమ్మరన్నారు."

ఫొటోగ్రాఫరు మెట్లు దిగాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. స్తంభానికి భుజం ఆనించి, షట్టరు వేగం బాగా తగ్గించి, మసకలోనే కాచుకున్నాడు. చివరి చరణం ముగించి పెద్దావిడ తలెత్తింది. నొక్కేముందు అలవాటుకొద్దీ పైకి చూశాడు. ఆ ఒక్క క్షణమూ జారిపోయింది. ఆలస్యంగా నొక్కిన ఫొటోలో ముఖం చెదిరింది.

"బాగానే వచ్చిందిలెండి, గోడకెక్కిద్దాం" అన్నాడు మేనేజరు. అబద్ధమని తెలిసినా ఇతను వాదించలేదు.

హాలు ఖాళీ అయ్యాక మళ్ళీ పైకెళ్ళాడు. లావుపాటాయన కిటికీ దగ్గర అద్దానికి కట్టిన తాడు ముడి విప్పుతున్నాడు.

"ఇక దీంతో పనిలేదు కదండీ?"

"ఉండనివ్వండి" అన్నాడు ఫొటోగ్రాఫరు.

వంగిన ఊచకు కట్టిన ఆ అద్దం, అంచున బొటనవేలి మరకతో, స్తంభం వైపే తిరిగి ఉంది.