తెల్లమాత్ర ఆపమన్నదెవరు

మల్లికార్జునకు గుండెపోటు వచ్చి ఆరేళ్లయింది. అప్పటి నుంచీ అతని మందులన్నీ భార్య మునిరత్నమ్మే చూసుకునేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా పొద్దున వేసే తెల్లమాత్ర గుండె దడను అదుపులో పెట్టేదనీ, అన్నం తిన్నాక వేసే పసుపు మాత్ర నెత్తురు గడ్డకట్టకుండా చూసేదనీ బాగా తెలుసు. అతను పుంగనూరు పక్క గుట్టల్లోకి గొర్రెలు తోలుకుపోయేటప్పుడు పసుపు మాత్రను తువ్వాలు కొసకు కట్టి పంపేది.

2004 ఎండాకాలంలో అతనికి గజ్జల్లో హెర్నియా ముదిరింది. మదనపల్లెలో ఒక నర్సింగ్‌హోమ్‌లో చేర్చారు. మునిరత్నమ్మ రెండు మాత్రల అట్టలూ డాక్టరు భానుప్రకాశ్ బల్లమీద పెట్టింది. ఆయన వాటివైపు చూడనైనా చూడలేదు. మందులన్నీ ఈరోజు నుంచే ఆపేయమని నర్సుకు చెప్పి లేచి వెళ్లిపోయాడు.

మర్నాడే ఆపరేషన్ అన్నారు. మత్తు డాక్టరు రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. రోజూ మధ్యాహ్నం దాకా కడుపు మాడ్చి, తర్వాత రేపు చూద్దాం అనేవారు. ఆపరేషన్ జరిగిందీ లేదు, మాత్రలు మళ్లీ మొదలుపెట్టిందీ లేదు. తెల్లమాత్ర వేసేదా అని మునిరత్నమ్మ నర్సును మూడుసార్లు అడిగింది. మూడోసారి నర్సు విసుక్కుంది. "డాక్టరుగారికంటే నీకెక్కువ తెలుసా?"

నాలుగోనాడు పొద్దున మల్లికార్జునకు చెమటలు పట్టాయి. గుండె దడదడలాడింది. రొమ్ము నొప్పితో మెలికలు తిరిగాడు. భానుప్రకాశ్ నాడి చూసి, ఇక్కడ కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. ఆమె తమ్ముడు వెంకటరమణ జీపు మాట్లాడుకొచ్చాడు. పలమనేరు మీదుగా కుప్పం చేరేదాకా ఆమె భర్త తలను ఒడిలోంచి దించలేదు.

కుప్పం పెద్దాసుపత్రిలో డాక్టరు నవనీత అతన్ని బతికించింది. రెండోసారి గుండెపోటు అని చెప్పింది. మునిరత్నమ్మ చూపిన రెండు అట్టలూ చదివి, తెల్లమాత్ర ఎప్పుడు ఆపారని అడిగింది. ఆపరేషన్‌లో నెత్తురు ఎక్కువ పోకుండా పసుపు మాత్రను ఒక్కోసారి ఆపుతారనీ, అదీ గుండె పరిస్థితి చూసుకునే ఆపాలనీ వివరించింది. ఏళ్ల తరబడి వేసుకునే తెల్లమాత్రను మాత్రం ఉన్నట్టుండి ఆపితే, అంతకాలం అణిగి ఉన్న గుండె ఒక్కసారిగా పరుగందుకుంటుందనీ, ఆపరేషన్ రోజు కూడా గుక్కెడు నీళ్లతో దాన్ని వేసి ఉండాల్సిందనీ చెప్పింది.

"అయితే నేనడిగింది తప్పు కాదుకదమ్మా?"

"మీరడిగిందే సరైన మాట."

ఆ మాటకు మునిరత్నమ్మకు ఊరట కలగలేదు. ఒళ్లంతా మండిపోయింది.

భర్త కాస్త తేరుకోగానే ఆమె మదనపల్లె బస్సెక్కింది. రోగులతో నిండిన గదిలోకి నేరుగా వెళ్లి, మాత్ర ఆపమన్నది తానేనని రాసివ్వమని భానుప్రకాశ్‌ను అడిగింది. చదువురాని వాళ్లు ఏదో తప్పుగా విని ఉంటారు అన్నాడాయన.

"నాకు సదువు రాదు, నిజమే సార్. సెవులైతే ఇనపడతాండాయి. మూడుసార్లు అడిగినాను. నువ్వు ఆ అట్టను ఒక్కసారన్నా సూసింటే నా మొగుడు ఈ పాటికి గొర్రెలు మేపుకుంటా ఉండును."

ఆయన తల దించుకుని తర్వాతి రోగిని పిలిచాడు. ఆమె బయటికొచ్చి బల్లమీద కూర్చుంది. సాయంత్రం దాకా ఆపరేషన్‌కని వచ్చిన ప్రతి ఒక్కరినీ గుండె మాత్రలు వాడతాండారా అని అడిగింది. మీకై మీరు ఆపొద్దు, ఆపమంటే ఏది, ఎన్నాళ్లు అని కాగితం మీద రాయించుకోండి అని చెప్పింది. కాపలావాడు లెమ్మన్నా లేవలేదు. మూడోసారి కసురుకున్న ఆ నర్సే వచ్చి పక్కన కూర్చుంది. తానూ ఒకసారి డాక్టరును అడిగాననీ, అన్నీ ఆపమన్నాను కదా అని ఆయన కసిరాడనీ, ఎవరు అడిగినా ఇదే చెప్తాననీ అంది.

ఆర్నెల్ల తర్వాత కుప్పంలోనే హెర్నియా ఆపరేషన్ జరిగింది. ఆ పొద్దున తెల్లమాత్రను మునిరత్నమ్మే నవనీత ఎదుట భర్త నోట్లో వేసింది. ఏ ఇబ్బందీ రాలేదు. కానీ మల్లికార్జున మళ్లీ గుట్ట ఎక్కలేకపోయాడు. పది అడుగులకే ఆయాసం. మందలో సగం పుంగనూరు సంతలో అమ్మేశారు. మదనపల్లె డాక్టరు నుంచి ఆమె అడిగిన కాగితమూ రాలేదు, ఒక్క మాటా రాలేదు.