సరి వెడల్పులు

2024 జూలై 14, ఆదివారం. నేను కాల్చి తెచ్చిన సర్వపిండిని కామారెడ్డి బస్టాండులో బెంచీ మీద కూర్చొని నా కూతురు వనజ సగం తిన్నది. అంచులు మాడాయని అనలేదు. వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి నా వంటకు వంక పెట్టడం మానేసింది.

వనజ హైదరాబాదులో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఆ నెలాఖరుకు థీసిస్ ఇవ్వాలి. మా ఊరు ఎల్లారెడ్డికి పోయే బస్సెక్కి కూర్చున్నాక చెప్పింది.

"బాపు, నా లెక్క తప్పయింది."

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఆమె పని కొంత తెలుసు. గళ్ళు గళ్ళుగా అల్లిన క్వాంటం జాలకంలో ఒక క్రమం ఉంటుంది. ఏ ఒక్క గడిలోనూ కనబడదు, మొత్తంలో ఉంటుంది. అందుకే చిన్న చిన్న కదలికలకు చెడదు. బయటి క్షేత్రం హద్దు దాటితే మాత్రం పోతుంది. తన జాలకంలో ఆ క్రమం ఎంతవరకు నిలుస్తుందో వనజ లెక్కగట్టింది. నాలుగేళ్ళ పని.

"జాలకం వెడల్పుకు సరి సంఖ్యల గళ్ళే తీసుకున్న. బేసి వెడల్పుల్ల చుట్టి కలిపితే అంచులు సరిపడవని అందరం వదిలేస్తం. మొన్న అవి గూడ పెట్టి, జాలకం పెద్దగ చేసి చూసిన. ఆ క్రమాన్ని నిలబెట్టే శక్తి అంతరం సున్నకు పోతున్నది. నేను నిలుస్తదన్న చోట ఆ క్రమం లేనే లేదు."

"యాడనో ఓ చోట దిద్దరాదా?"

"ఒక్క చోట ఉంటే గద, దిద్దుడు."

ముందు సీటులో ఎవరో ఫోనులో పాట గట్టిగా పెట్టారు. కండక్టర్ వనజ ముఖం చూసి, వెళ్ళి తగ్గించమన్నాడు.

ఇంటి ముందు పక్కింటి సుగుణమ్మ చాటలో బీడీలు చుడుతోంది.

"ఏం బిడ్డా, డాక్టరమ్మవైతున్నవంట! నా మోకాళ్ళకు సూదేస్తవా?"

"గా డాక్టర్ కాదవ్వా."

"మరేం డాక్టరువే?"

"ఇగ ఏదీ కాదు."

సుగుణమ్మ నవ్వబోయి ఆగింది. చాట పక్కకు జరిపి, అరుగు మీద చోటిచ్చింది.

అన్నాలయ్యాక నేనే అన్నాను. "సరి వెడల్పులయే రాసియ్యి. ఎవరు చూస్తరు బిడ్డా?"

"నేను చూసిన గద, బాపు."

నా ముందే కూర్చొని, థీసిస్ ఇవ్వడం లేదని వాళ్ళ గైడు సారుకు మెయిల్ పంపింది. ఫెలోషిప్ పోయిన నెలతోనే అయిపోయింది. మళ్ళీ మొదలుపెట్టమని ఏ నోటితో చెప్పను? లోకంలో ఆ ఒక్క క్రమం చెడదని నా బిడ్డ నమ్మింది. నేనూ నమ్మాను.

"పండుకో బాపు," అని లోపలి గదిలోకి పోయింది. తలుపు నెమ్మదిగా దగ్గరకు వేసుకుంది. ఒంటరిగా ఏం చేసుకుంటుందోనని చాలాసేపు చెవి ఒగ్గి ఉన్నాను. గడియ పడిన చప్పుడు రాలేదు.