తలుపు కింది తీగ

"ఐసు నీళ్లు తాగొద్దు జబీ, గొంతు పట్టేస్తాది" అన్నాడు కాలేషా, వంటింటి గుమ్మంలో నిలబడి.

సాయంత్రం మీటింగు బిర్యానీకి జబీ ఎర్రగడ్డలు తరుగుతోంది. అబ్బ, ఎంత శ్రద్ధ ఈ మనిషికి! కర్నూలు ఆసుపత్రిలో అక్క మాబున్నీ గొంతుకు గొట్టం వేసుకుని పడుంది. కుట్టుమిషను తొక్కి జబీని ఎమ్మే దాకా చదివించిన అక్క. ఆ గొంతు ఎట్లుందని అడిగిన పాపాన పోలేదు. పొద్దున అక్క కొడుకు జునైద్ ఒక ఫోటో పంపాడు. మాట రాని అక్క కాగితం మీద వంకరటింకరగా రాసింది: 'జబీ యాడ?'

యాడుంటుంది, సౌదీలోని హాయిల్‌లో, మొగుడి వీసా మీద. ఇక్కణ్ణుంచి ఇంటికి పోయి మళ్లీ రావాలంటే కాలేషా తన ఫోన్లో ఎగ్జిట్ రీఎంట్రీ పర్మిట్ కొట్టాలి. చాయ్ చల్లారేలోపు అయిపోయే పని. పోయినేడు బావ చనిపోయినప్పుడు "ఆడిట్ అయిపోనీ, పంపుతా" అన్నాడు. ఆడిట్ అయింది, అక్క మొగుడు పోయినాక పాటించే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులూ ఒంటరిగా కూర్చుని లేచింది, జబీ మాత్రం పోలేదు. ఇప్పుడు "షో అయిపోనీ. నువ్వు పోతే ఎవరు సదువుతారు?" అంటున్నాడు. ఫోన్లో అత్త దానికి వంత పాడింది. "కడుపు పండకపాయె, మొగునికి ఆ మాత్రం సాయమన్నా చెయ్యకూడదా?"

ఏటా ఆగస్టులో ఇక్కడి తెలుగువాళ్లంతా ఒక ఇస్తిరాహాను అద్దెకు తీసుకుంటారు. చుట్టూ ఎత్తు గోడ, లోపల మగవాళ్లకో హాలు, ఆడవాళ్లకో గది. హాల్లో కాలేషా డాక్యుమెంటరీ చూపిస్తాడు. కత్తి పట్టకుండా స్వాతంత్ర్యం తెచ్చుకున్న దేశాల కథలు. అవన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ప్రొద్దుటూరులో ఇంగ్లీషు టీచరుగా చేసిన జబీ, అంట్లు తోమాక లాప్‌టాప్ ముందు కూర్చుని, వాక్యం వాక్యానికీ సినిమా ఆపుతూ తెలుగు రాస్తుంది. షో రోజు ఆడవాళ్ల గదిలో కూర్చుని మైకులో చదువుతుంది. మైకు తీగ తలుపు కింద నుంచి హాల్లోకి పోతుంది. గొంతు పోవచ్చు, మనిషి పోకూడదు. మొదటి ఏడు "నేనూ అక్కడే కూర్చుంటా" అంటే "అంతమంది మగోళ్ల మధ్యనా? సిగ్గుల్యా?" అన్నాడు. చప్పట్లు మాత్రం తలుపు దాటి ఇవతలికి వినబడతాయి. "కాలేషా అన్న తెలుగులో సూపిస్తాండాడప్పా, ఎంత కష్టపడినాడో!"

ఈసారి ఉప్పు సత్యాగ్రహం కథ. సినిమాకు ముందు కాలేషా ఉపన్యాసం గోడలోంచి వినిపించింది. "ఎవరినీ బలవంతం చెయ్యకుండా గెలవడమే గొప్ప! ఇకనుంచి ఏడాదికొకటి కాదు, వచ్చే నెలే ఇంకో దేశం సినిమా ఉంది. దాని తెలుగు పని మా ఇంట్లో రేపే మొదలు!"

వచ్చే నెలా? అంటే షో అయిపోయినా పంపడు. దీని తర్వాత అది, అది కాగానే ఇంకోటి. అక్క అప్పటిదాకా ఉంటుందా? బావకు జరిగినట్టే అక్కకూ జరుగుతుంది, తను ఈ గదిలో కూర్చుని స్వాతంత్ర్యం గురించి చదువుతూనే ఉంటుంది. థూ, ఏం బతుకు!

సినిమా మొదలైంది. లాప్‌టాప్‌లో చూస్తూ జబీ చదవసాగింది. ఉప్పు కొఠారు ముందు మనుషులు వరుసగా నడుస్తున్నారు. లాఠీలు పడుతున్నాయి. "పడినవాళ్లను ఆడవాళ్లు మోసుకెళ్లారు. వెనక వరుస ముందుకు కదిలింది" అని చదివి ఆగిపోయింది. మైకు ఆపి ఒళ్లో పెట్టుకుంది.

హాల్లో గుసగుసలు లేచాయి. "సౌండు రాల్యా!" అని ఎవరో అరిచారు. కాలేషా తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది? మైకు చెడిందా?"

"మైకు బాగానే ఉంది. ఎగ్జిట్ రీఎంట్రీ కొట్టండి. కొట్టినాక సదువుతా."

"అందరి ముందర నా పరువు తీస్తాండావా?" పళ్లు నూరాడు. జబీ పక్కన కూర్చున్న అఫ్షాన్‌కు ఆ తెలుగు కాగితాలు చూపించాడు. "నువ్వు సదువమ్మా."

అఫ్షాన్ డిగ్రీ దాకా తెలుగు మీడియం. తల వంచుకుని "నాకు తెలుగు సదవను రాదన్నా" అంది.

కాలేషా మొహం నల్లబడింది. ఫోన్ తీసి టకటకా నొక్కి, జబీ కళ్ల ముందు పెట్టాడు. "ఇంద, సూడు."

జబీ చూసింది. రీఎంట్రీ కాదు, ఫైనల్ ఎగ్జిట్. పోవడమే, ఈ వీసా మీద మళ్లీ రావడం ఉండదు.

"పోతే ఒకేసారి పో. మళ్లీ నిన్ను పిలిపించేది ల్యా" అన్నాడు కాలేషా గొంతు తగ్గించి. "వద్దంటే ఇప్పుడే క్యాన్సిల్ చేస్తా. తప్పయిందని అడుగు."

పన్నెండేళ్ల కాపురం, తను సర్దిన ఇల్లు, ఊళ్లో అత్త నోరు, రేపు జనం అనబోయే మాటలు అన్నీ ఒక్కసారిగా జబీ మీద పడ్డాయి. భయం వేసింది, నిజంగానే వేసింది. అక్క రాసిన వంకర అక్షరాలు గుర్తొచ్చాయి.

"ఉండనీండి" అంది.

కాలేషాకు అర్థం కాలేదు. "ఏంది ఉండనిచ్చేది?"

"అదే. క్యాన్సిల్ చెయ్యొద్దు."

కొట్టినాక చదువుతానని మాట ఇచ్చింది కదా. గుమ్మంలో అతను అట్లాగే నిలబడి ఉండగా మైకు ఆన్ చేసింది. లాప్‌టాప్‌లో సినిమా చాలా దూరం పోయింది. ఎవరో ఆడవాళ్లు కుండలతో సముద్రపు నీళ్లు మోసుకొచ్చి పొయ్యి మీద కాస్తున్నారు. జబీ ఆ కాగితం వెతికి పట్టుకుని, గొంతు సవరించుకుంది.

"ఆ ఉప్పు కోసం వాళ్లు ఎవరి అనుమతీ అడగలేదు" అని చదివింది.