అమ్మకానికి తెల్లది

చుయ్‌పింగ్‌కి కోపం వస్తే నోరూ ఆగదు, చెయ్యీ ఆగదు. ఆ రోజు పొద్దున్నుంచీ పొగ కొట్టంలో పచ్చి కొమ్మలు నరుకుతూనే ఉంది, ఎదుట నిలబడ్డ మరిదిని తిడుతూనే ఉంది.

నెత్తి మీద అటకంతా, బాలింతలకి కాచి పోసే డాంగ్‌గ్వే వేళ్ళ కట్టలు వేలాడుతున్నాయి. తవ్వి తెచ్చి, నీడన వాడ్చి, పన్నెండు రోజులుగా సన్నపొగ మీద ఉంచినవి. పొగ ఆగకూడదు, మంట లేవకూడదు. మంట లేచిందా, వేరులోని నూనె ఎగిరిపోతుంది. పోనీ ఎండలో పడేద్దామా, వేరు కాస్తా కట్టెపుల్లవుతుంది. నూనె పోయిన డాంగ్‌గ్వేకి వాసన ఉండదు, వాసన లేనిది మందే కాదు.

ఊళ్ళో మిగతావాళ్ళకి ఈ అవస్థ లేదు. మరిది జింగ్‌లాంగ్ ఒక గది కట్టించాడు. అందులో వేళ్ళు పోసి, గంధకం వెలిగించి, తలుపు మూస్తే చాలు. ఒక్క పూటలో పిండిలా తెల్లబడతాయి, పురుగు పట్టదు, బూజు రాదు. లారీ వేసుకొచ్చే వ్యాపారి లియాన్‌కి కావలసింది ఆ తెలుపే. మంచు పడేలోగా మరో లారీ రాదు. ఇవాళ ఎక్కకపోతే చుయ్‌పింగ్ ఏడాది చాకిరీ ఇంట్లోనే పడి ఉంటుంది.

"వదినా, గది ఖాళీగా ఉంది. ఇప్పుడు పెడితే సాయంత్రానికి తెల్లగా పిండిలా వస్తాయి" అన్నాడు జింగ్‌లాంగ్.

"పిండి కావాలంటే పిండిమరకి పొమ్మను మీ లియాన్‌ని."

"ఊరంతా ఒక దారి, నీది ఇంకో దారా?"

"ఊరంతా గోతిలో దూకితే నేనూ దూకాలట్రా?"

జింగ్‌లాంగ్ తల పట్టుకున్నాడు. "నువ్వూ పెట్టావు కదా ఒకసారి!"

చుయ్‌పింగ్ చేతిలో కత్తి ఆగింది. పెట్టింది, నిజమే. నాలుగేళ్ళ క్రితం అందరితోపాటు తనూ ఆ గదికి మోసింది. అందులోవే నాలుగు వేళ్ళు తెచ్చి, మాంసం, అల్లం వేసి, బాలింత కోడలికి కాచి పోసింది. మొదటి గుక్కకే గంధకపు పుల్లటి ఘాటు గొంతు పట్టేసింది. ఆ పిల్ల దగ్గి దగ్గి, పచ్చి కుట్లు పట్టుకుని ఏడ్చింది. తన చేత్తో పోసింది కదా! ఆ సిగ్గు చుయ్‌పింగ్‌కి ఇప్పటికీ పోలేదు.

"పెట్టాను, బుద్ధి వచ్చింది. నీకెప్పుడొస్తుందో!" అంది.

వీధిలో లారీ హారన్ మోగింది. జింగ్‌లాంగ్ విసురుగా వెళ్ళిపోయాడు. అతను అలా వెళ్ళాడో లేదో, వెనక గుమ్మంలోంచి అతని భార్య ఫెంగ్‌చిన్ వచ్చింది. చేతిలో బుట్ట, బుట్ట మీద గుడ్డ. వాళ్ళ కోడలు ప్రసవించి పదిరోజులు.

"అక్కా, ఓ నాలుగు వేళ్ళివ్వవూ? కోడలు పిల్లకి కాచి పోయాలి."

చుయ్‌పింగ్ నడుం మీద చెయ్యి వేసుకుంది. "మీ ఇంట్లో గుట్టలున్నాయి కదే, తెల్లటివి!"

"అవి అమ్మకానికి అక్కా" అంది ఫెంగ్‌చిన్, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

"ఓరి దేవుడా! అమ్మకానికా! కొనుక్కునేవాళ్ళ ఇళ్ళల్లో బాలింతలుండరా?"

ఫెంగ్‌చిన్ ముఖం పాలిపోయింది. చుయ్‌పింగ్ బాగా ఆరిన వేళ్ళు ఏరి, విరిచి, వాసన చూసి, బుట్ట నిండా పోసింది. ఆ తర్వాత వెళ్ళి వెనక తలుపుకి గడియ పెట్టింది.

"ఊరికే ఇస్తున్నాను, తీసుకెళ్ళు. కానీ ముందు గుమ్మంలోంచి వెళ్ళు. ఆ గుడ్డ ఇలా ఇయ్యి."

"అక్కా! బయట ఆయన, ఆ లియాన్…"

"ఉంటే ఉండనీ. దొంగసొత్తా ఏమన్నా? మందు."

ఫెంగ్‌చిన్ తనే గుడ్డ తీసి తోడికోడలి భుజం మీద వేసి, గుమ్మం దాటింది. గోనెలెత్తుతున్న వాళ్ళంతా ఆగి చూశారు. బుట్టలో ఇటుక రంగు వేళ్ళు, వీధంతా ఘుమఘుమ.

"ఎవరికమ్మా అవి?" అన్నాడు లియాన్.

ఫెంగ్‌చిన్ భర్త వైపు చూడకుండా జవాబు చెప్పింది. "మా బాలింతకి. తెల్లవి మా ఇంట్లో ఎవరమూ తాగం."

లియాన్ దగ్గి, "నగరంలో అడిగేది తెలుపే, నన్నేం చెయ్యమంటారు?" అని గొణిగాడు. పొద్దు వాలేసరికి లారీ వెళ్ళిపోయింది. చుయ్‌పింగ్ గోనె ఒక్కటీ ఎక్కలేదు.

ఆవిడ ఏడవలేదు. ఈ చలికాలం పొయ్యి మీద మాంసం తగ్గుతుంది, అంతేగా! బానలు తుడిచి, అడుగున పొడి బూడిద పోసి, పైన కాగితం పరిచి, పూర్తిగా ఆరిన వేళ్ళు ఏరి సర్దడం మొదలుపెట్టింది. చెమ్మ తగిలితే ఎండాకాలానికి నూనె కారి పురుగు పడుతుంది, అందుకే మూతల అంచులకి మైనం పూసింది.

ముందు గుమ్మం చప్పుడైంది. జింగ్‌లాంగ్. వీపున పెద్ద గంప, అందులో మన్ను కూడా దులపని పచ్చి వేళ్ళు. ఇంకా గంధకం గదికి వెళ్ళనివి.

"వదినా" అన్నాడు, గంప దించకుండానే. "నీ అటక మీద చోటుందా?"

చుయ్‌పింగ్ అతన్ని కిందికీ పైకీ చూసింది.

"ఉంది. కొమ్మలు నువ్వే నరకాలి."