ఒకే డ్రమ్ము

మా పెద్దమ్మ చేతిలోంచి క్యాను లాక్కుని, మా అందరి కళ్లముందే పాలు మురిక్కాలవలో పారబోశాడు పాల సంఘం టెస్టరు. "నీళ్లు కలిపావు" అన్నాడు. పెద్దమ్మ నీళ్లు కలపడమా! ఆమె చేసిన నేరం వేరు. సంఘం సమావేశంలో లేచి, "మనిషికో ఓటు పద్ధతి మళ్లీ పెట్టండి" అని అడిగింది.

వరసలో ఉన్నవాళ్లందరూ తలలు దించుకుని తమ క్యాన్లు ముందుకు జరుపుకున్నారు. మా బావ ఒక్కడే, "ముసలామె మీదా నీ ప్రతాపం?" అని అరిచాడు. వెంటనే అతని క్యాను కూడా వద్దని వెనక్కి పంపేశారు.

ఫ్యాక్టరీల్లో పనిచేసే అన్నలారా, చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ పాల సహకార సంఘం మాకెవరో దానం చేసింది కాదు. మా నాన్నలు ఇటుకలు మోసి కట్టుకున్నది. ఒక గేదె ఉన్నా ఒకే ఓటు, మంద ఉన్నా ఒకే ఓటు. ఆ తర్వాత ఇస్త్రీ చొక్కా మేనేజరొకడు దిగాడు. ఎక్కువ పాలు పోసినవాళ్లకు ఎక్కువ ఓట్లట, అదే కొత్త బిజినెస్ మోడలట, సంఘం లాభాల్లో ఈదుతుందట! సభంతా చప్పట్లు. ఇంకేముంది, పట్నానికి పాలు తోలే వ్యాపారి ఒకడు గేదెల మందల్ని కొన్నాడు, ఓట్లన్నీ వాడివయ్యాయి, చైర్మన్ కుర్చీ కూడా వాడిదే అయింది. మాకు మిగిలింది పేడ ఎత్తడం.

పాలు పారబోసిన ఆ సాయంత్రం పెద్దమ్మ గేదెల కొట్టంలో కూర్చున్నాం.

"కోర్టుకెళ్దాం" అన్నారెవరో.

"తీర్పొచ్చేదాకా నీ గేదె ఉంటుందా, నువ్వుంటావా?" అంది పెద్దమ్మ. "విడివిడిగా పోస్తున్నాం కాబట్టే ఆ చైర్మన్ విడివిడిగా తంతున్నాడు. రేపు అందరి పాలూ ఒకే డ్రమ్ములో పోసి తీసుకెళ్దాం. తీసుకుంటే అందరివీ తీసుకోవాలి, లేకపోతే ఎవరివీ వద్దు."

"అసలే వద్దంటే?"

"వాడి లారీ సగం ఖాళీగా పోతుంది. పట్నంలో వాడే తన్నులు తింటాడు."

చాలా రోజుల తర్వాత ఆ కొట్టంలో నవ్వులు వినబడ్డాయి.

పొద్దున్నే డ్రమ్మును బండి మీద తోసుకుంటూ వెళ్లాం. చైర్మన్ సంఘం గడపలో నిలబడి చూశాడు, లోపలికెళ్లాడు, ఎండెక్కేదాకా బయటికి రాలేదు. అప్పుడు టెస్టరొచ్చి చెంచాడు పాలు గాజు గొట్టంలో పోసి మంట మీద పెట్టాడు. విరిగాయి. మళ్లీ కాచాడు. మళ్లీ విరిగాయి.

నా పక్కనున్న బావ నా చెవి దగ్గరికి వంగాడు.

"నిన్న వెనక్కొచ్చిన పాలు పారబొయ్యడానికి చేతులు రాలేదురా. ఇంత డ్రమ్ములో కలిసిపోతాయిలే అనుకుని పోసేశా" అన్నాడు గొంతు తగ్గించి. అక్కడికక్కడే పీక పిసికేద్దామన్నంత కోపమొచ్చింది నాకు. పుల్లబడ్డ పాలు పోస్తే ఏమవుతుందో పుట్టిన్నుంచీ పాల మధ్యే పెరిగిన మనిషికి తెలీదా!

చైర్మన్ నవ్వుతూ వచ్చాడు. "ఇదేనా మీ ఐకమత్యం? సరే, చెడగొట్టినవాడెవడో చెప్పండి. వాడొక్కడి సభ్యత్వమే తీసేస్తా. చెప్పకపోతే అందరివీ పోతాయి. మీ పాలు ఇంకెవడు కొంటాడో నేనూ చూస్తా."

అప్పటికే చూపులన్నీ, నిన్న పాలు వెనక్కొచ్చిన బావ మీదికి తిరిగాయి. తిట్టాలని ఉంది అందరికీ. ఒక్క పేరు చెబితే సాయంత్రం నుంచి బతుకు మామూలే. బావే నోరు తెరవబోయాడు. పెద్దమ్మ గబుక్కున అతని నోటికి చెయ్యి అడ్డుపెట్టింది.

"నోర్ముయ్యరా. డ్రమ్ములో పోశాక నీవేంటి, నావేంటి?" అని చైర్మన్ వైపు తిరిగింది. "అందరివీ విరిగాయయ్యా. సభ్యత్వాలు తీసేసుకో."

అందరం పెద్దమ్మ పక్కకి జరిగాం. చైర్మన్ అందరి సభ్యత్వాలూ తీసేసి గేటుకు తాళం వేయించాడు. కల్తీ పాలు అమ్మబోయిందని పోలీసులు పెద్దమ్మను జీపెక్కించారు.

సాయంత్రం పొదుగులు నిండి గేదెలు అరిచాయి. పితక్కపోతే వాటికి జబ్బు, పితికితే పొయ్యడానికి చోటు లేదు. పశువుల బేరగాళ్లు అప్పుడే వీధిలో దిగారు. గెలుస్తామన్న ఆశ, నిజం చెప్పాలంటే, ఎవరిలోనూ లేదు. అయినా బావ నిండు క్యాను భుజానికెత్తుకుని స్టేషన్ దారి పట్టాడు. ఎవరూ పిలవకుండానే అందరం క్యాన్లతో వెనకే నడిచాం.

"మీరెందుకొచ్చారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మమ్మల్నీ లోపలెయ్యండి" అన్నాడు బావ.

"లాకప్పులో అంత చోటు లేదు. పొండి."

మెట్ల మీద కూర్చున్నాం. క్యాన్లలో పాలు పులుస్తున్నాయి. ఒక్కరూ లేవలేదు.