తప్పు కుట్టు విప్పుతూ

మా ఆయన రోజూ పొద్దున్నే కుట్టు మిషను పక్కన చాప పరుచుకుని కళ్ళు మూసుకుంటాడు. ధ్యానం. ఏళ్ళ తరబడి ఇదే తంతు. "ఈ క్షణంలో ఉండాలే, నువ్వెప్పుడూ రేపట్లోనే ఉంటావు" అని నాకు పాఠాలు. ఆయనకి మాత్రం ఆ క్షణం ఒక్కసారీ చిక్కలేదు. కళ్ళు మూసుకోగానే కుట్టాల్సిన కాజాలు గుర్తొస్తాయట.

నా చూపు పోతోంది. ఒక కన్ను ఇప్పటికే పోయింది, రెండోదీ నిలవదని డాక్టరు తేల్చేశాడు. కళ్ళున్న ఆయనేమో మూసుకుని కూర్చుంటాడు, పోతున్న కళ్ళని నేను చించుకుని చూడాలి. ఒళ్ళు మండదూ?

ఆ కాస్త చూపూ ఉండగానే ఆయనకో చొక్కా కుట్టాలనుకున్నాను. ఊరందరికీ కొత్తవి కుట్టే మనిషి ఒంటిమీద ఎప్పుడూ ఎవరో వద్దని వదిలేసిన చొక్కానే. ఆయన్ని గుడ్డ ముట్టుకోనివ్వకుండా, ఆదరాబాదరాగా నేనే కత్తిరించి కుట్టేశాను.

మధ్యాహ్నం తొడిగించాను.

"ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండంగా ఉంది."

గొంతులో తేడా తెలిసింది. తడిమి చూశాను. కుడి చంక దగ్గర గుడ్డ పీకుతోంది. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు అది. చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరించాను. ఇంకో చేతికి గుడ్డ లేదు.

"పోనీలేవే, తొడుక్కునేది నేనేగా?"

"విప్పండి" అన్నాను.

మా కొట్లో తప్పు కుట్టు ఉంచం. ఎవరు కుట్టినా సరే, ఊడదీయాల్సిందే. కిటికీ దగ్గర కూర్చుని ఆ చెయ్యి ఊడదీయడం మొదలుపెట్టాను. ముందు ఏడ్చాను. కాసేపటికి ఏడుపూ ఆగిపోయింది. మునిగినవాడికి చలేమిటి? వేలి కింద ఒక కుట్టు, తెగిన దారం, ఇంకో కుట్టు. వీధిలో ఎవరో దగ్గారు. రేపన్నది గుర్తే రాలేదు. నేనేం ప్రయత్నించలేదు. అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, వాటితోపాటు నేనూ ఉన్నాను.

"ఏంటే అలా ఉన్నావు? ఏం ఆలోచిస్తున్నావు?"

"ఏం లేదండీ. నిజంగానే ఏం లేదు."

"ఇన్నేళ్ళూ నేను కూర్చున్నది దానికోసమేనే" అన్నాడు, పిల్లాడిలా.

"అయితే మీరే తీసుకోండి. నా కన్ను నాకిచ్చెయ్యమనండి ఆ దేవుణ్ణి."

మళ్ళీ చొక్కా వైపు తిరిగాను. గుడ్డ కనిపించలేదు. నా వేళ్ళూ కనిపించలేదు.

"అప్పుడే చీకటి పడిందా?" అని అడిగాను.

ఆయన కుర్చీ కిర్రుమంది. "ఆఁ... పడిందే. ఉండు, లైటేస్తాను."

స్విచ్చు టక్కుమంది. కిటికీలోంచి పడుతున్న ఎండ నా మణికట్టు మీద చురుక్కుమంటూనే ఉంది.

"ఇప్పుడు బాగా కనబడుతోంది" అన్నాను.