సున్నా తెలియని పెద్దాయన

పొద్దున ఎనిమిదింటికి స్టోర్సక్క గోదాం తలుపు తీసేది. కిటికీ తెరిచేది. కీబోర్డు మీద దుమ్ము మెత్తటి గుడ్డతో తుడిచేది. ఆ తర్వాత పెద్దాయన్ని లేపేది.

పెద్దాయన అంటే మనిషి కాదు. ఆ గోదాంలో ఏ సరుకు ఎక్కడుందో చూసుకునే పాత కంప్యూటరూ, దాని లోపలి ప్రోగ్రామూ. రెండిటినీ కలిపి అందరూ అలా పిలిచేవాళ్లు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, ఇరవయ్యేడేళ్ల వయసు. లేవడానికి ఒక టీ తాగేంత సేపు పట్టేది. ఆ టీ స్టోర్సక్క తాగేది.

గోదాంలో ఉండేవన్నీ పెట్టుడు కాళ్లకీ చేతులకీ కావాల్సిన ముక్కలు. మోకాలి స్ప్రింగులు, చీలమండ బోల్టులు, తోలు పట్టీలు, చంకకర్రల అడుగున తొడిగే రబ్బరు బిళ్లలు. ఎక్కడెక్కడి ఆసుపత్రుల నుంచో చీటీలు వచ్చేవి, ఫలానా మనిషికి ఫలానా ముక్క కావాలని. స్టోర్సక్క ఆ పేరూ ఆ ముక్కా టైపు చేస్తే అది ఏ అరలో ఉందో పెద్దాయన నంబరు చూపించేవాడు. గడియారం వెళ్లి తెచ్చేవాడు.

గడియారం మాత్రం మనిషే. ట్రాలీ తోసేవాడు. కుర్రతనంలో ఎడమ కాలు తొడ దాకా పోయింది. పెట్టుడు మోకాలిలో స్ప్రింగు అడుగు అడుగుకీ టిక్కుమనేది. ఆయన ఏ వరుసలో ఉన్నాడో చూడక్కర్లేదు, వింటే చాలు.

పెద్దాయనకి ఒక గుణం ఉంది. సున్నా తెలియదు. ప్రోగ్రాం రాసిన మనిషి మొదట్లో సున్నా పెట్టే ఇచ్చాడు. అప్పుడే ఉద్యోగంలో చేరిన స్టోర్సక్క దాన్ని నొక్కి చూసి ముఖం ముడుచుకుంది.

"కాలు విరిగి వచ్చినవాడికి లేదు పొమ్మనడానికి నాకే నోరు రాదు. నీ మిషనుకి ఎలా వస్తుంది?" అంది.

ఆయన నవ్వి, ఒక పూటంతా కూర్చుని సున్నా తీసేశాడు. "ఇక ఇది లేదని చెప్పదు. మీ తంటాలు మీరు పడండి," అని వెళ్లిపోయాడు. మళ్లీ కనిపించలేదు.

వాళ్లు ఏ తంటాలూ పడలేదు. ఏ ముక్కయినా తగ్గుతూ తగ్గుతూ ఒకటి దగ్గర ఆగేది. ఆ ఒక్కటీ ఎవరికో ఇచ్చేస్తే మర్నాడు పొద్దున అదే అరలో, అదే నూనె జిడ్డుతో, అలాంటిదే ఇంకొకటి ఉండేది. మొదటిసారి చూసినప్పుడు స్టోర్సక్క "వచ్చావా" అని తుడిచి పెట్టింది. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. గొడుగు ఎందుకు తడిసిందని ఎవరడుగుతారు?

ఒక్కటే షరతు. చీటీలో ఉన్న పేరుకి ఆ ముక్క నిజంగా కావాలి. ఒకసారి ఒక సూపర్‌వైజరు, దాచి పెడదామని, ఊరికే తన పేరు రాసి ఒక కుడి పాదం తీశాడు. మర్నాడు ఆ అరలో ఎడమ పాదం ఉంది. ఏడు రోజుల దాకా ఎడమ పాదమే. ఎనిమిదో రోజు ఆయన తీసింది తెచ్చి పెట్టేశాక గానీ సర్దుకోలేదు.

ఇలా నడుస్తుండగా హెడ్డాఫీసు నుంచి పట్టికల మేడమ్ వచ్చింది. ఆ పేరు గోదాం వాళ్లు పెట్టిందే. ఆవిడ ఏది చెప్పినా పట్టిక గీసి చెప్పేది. టీలో ఎవరికి చక్కెర ఎంతో కూడా గీసి గోడకి అంటించింది. ఆ రోజు నుంచి టీ బాగుపడింది, ఆ మాట ఒప్పుకోవాలి.

"పెద్దాయనకి సెలవివ్వాలి," అంది మేడమ్. "లోపలి ఫ్యాను పోతే ఇంకొకటి ఎక్కడా దొరకదు. ఈయన భాష మీకు తప్ప ఎవరికీ రాదు. మీకు జ్వరం వస్తే గోదాంకీ జ్వరమే."

"నాకు జ్వరం రాదు," అంది స్టోర్సక్క.

"పోయిన నెలలో ఒక పాప పాదం కోసం పదకొండు రోజులు మంచం మీద కూర్చుంది. పాదం ఇక్కడే ఉంది. చీటీ దారిలో ఉంది. కొత్త ప్రోగ్రాం అయితే అక్కడ ఆసుపత్రిలో నొక్కగానే ఇక్కడ మీకు కనిపిస్తుంది."

స్టోర్సక్క చేతిలోని గుడ్డ కింద పెట్టింది.

"పదకొండు రోజులా?"

"పదకొండు."

"అయితే మార్చాల్సిందే," అంది. తర్వాత గొంతు తగ్గించి, "కొత్తదానికి సున్నా వచ్చా?" అని అడిగింది.

"వచ్చు."

"అన్నీ నేర్పి పంపుతారు ఈ కాలం పిల్లల్ని," అంది.

మేడమ్ నలభై ఒక్క వరుసల పట్టిక గీసింది. ఏ రోజు ఏ సమాచారం కొత్తదాంట్లోకి పోవాలి, ఎవరికి ఎప్పుడు నేర్పాలి, పెద్దాయన్ని ఏ శుక్రవారం ఆపాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు ఎక్కడా తయారు కాని, పెద్దాయన చలవ మీదే నడుస్తున్న ముక్కలు రెండు వందల పన్నెండు తేలాయి. మేడమ్ భయపడి వదిలెయ్యలేదు, వాటికి ఇంకో పట్టిక గీసింది. ఏ ముక్క ఏ మనిషి ఒంటి మీద ఉందో పట్టుకుని, ఆసుపత్రులకి రాసి, ఒక్కొక్కరికీ కొత్త రకం అమర్పించింది. నాలుగు నెలలు పట్టింది. ఒక ముసలావిడ కొత్త చెయ్యి బాగుందని, దాంతోనే ఉత్తరం రాసి పంపింది.

చివరికి రెండు వందల పదకొండు వరుసలు కొట్టివేత పడ్డాయి. ఒకటి మిగిలింది. అది గడియారం మోకాలి స్ప్రింగు.

ఆ స్ప్రింగు చేసిన కంపెనీ మూతపడి పద్దెనిమిదేళ్లయింది. ఒకటి పధ్నాలుగు నెలలు నడిచేది. గడియారానికి తొడ దగ్గర మిగిలింది పొట్టి. కొత్త మోకాళ్లకి అది చాలదు. రెండుసార్లు అమర్చి చూశారు. రెండోసారి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆయన ఇల్లు మూడో అంతస్తులో, అరవై నాలుగు మెట్ల పైన ఉంది. లిఫ్టు లేదు. భార్య ఇంట్లోనే బట్టలు కుట్టేది. గుడ్డల మూటలు పైకి మోసేదీ, కుట్టినవి కిందికి దించేదీ ఆయనే.

"పెద్దాయనతో పాటే నేనూ పనిలోంచి దిగిపోతా చెల్లెమ్మా," అన్నాడు గడియారం. "ఇప్పుడున్న స్ప్రింగు అరిగింది, ఆఖరుది ఒకటి తీసుకుంటా. ఏడాది పైచిలుకు వస్తుంది."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత కిటికీ ఉంది. మా ఇంటి కిటికీ మంచిది. వీధంతా కనిపిస్తుంది."

"నీ మొహంలా ఉంది. రెండ్రోజులు కూర్చుంటే వదిన నిన్ను కూడా కత్తిరించి గౌను కుట్టేస్తుంది," అంది స్టోర్సక్క. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

మేడమ్ కూడా ఊరుకోలేదు. "ఇంకా ముప్ఫై రోజులున్నాయి. రోజుకొకటి తీసి దాచుకోండి. ఎడమ పాదాలు వస్తే రానీండి, నేను చూసుకుంటా," అంది.

గడియారం తల అడ్డంగా ఊపాడు. "అవసరం లేకుండా పేరు రాస్తే అబద్ధమే కదా మేడమ్ గారూ. ఇరవయ్యేడేళ్లు ఆయన నాకు లేదని చెప్పలేదు. వెళ్లిపోయే ముందు ఆయన్ని మోసం చేసి పంపమంటారా?"

మేడమ్ ఆ సాయంత్రం పట్టిక ముందు పెట్టుకుని పెన్సిలు చివర కొరుకుతూ కూర్చుంది.

నలభై రెండో వరుస ఆవిడ ఆఖరి వారంలో చేర్చింది, పెద్దాయన్ని తుక్కుకి పంపే ముందు జాబితాలోకి ఎక్కించాలని. ఆ కంపెనీలో ఒక రూలుంది. గేటు దాటే ఏ వస్తువైనా ముందు స్టోర్సు జాబితాలో ఉండాలి, చీటీ మీద బయటికి పోవాలి. చీపురు పోవాలన్నా అంతే. మేడమ్ వెతికితే పెద్దాయన ఏ జాబితాలోనూ లేడు. ఇరవయ్యేడేళ్లు అన్నిటినీ లెక్కపెట్టినవాడు తన్ను తాను లెక్కపెట్టుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ ఆ గదిలో చేరారు. ప్యాకింగు వాళ్లు, గేటు కాపలా ఆయన, కొత్త ప్రోగ్రాం నేర్చుకున్న ఇద్దరమ్మాయిలు, అంతా. స్టోర్సక్క టైపు చేసింది: పాత కంప్యూటర్, ప్రోగ్రాంతో సహా. ఎన్ని? ఒకటి. పెద్దాయన ఎప్పటికన్నా ఎక్కువసేపు ఆలోచించాడు. తర్వాత ఆకుపచ్చ అక్షరాల్లో చూపించాడు: పన్నెండో వరుస, అడుగు అర, నిల్వ ఒకటి.

"కొత్త జాబితాలోకి కూడా ఎక్కించండి," అంది మేడమ్. ఎక్కించారు. "ఇప్పుడు చీటీ రాయండి."

"ఎవరి పేరు మీద?" అంది స్టోర్సక్క. "తుక్కు లారీ పేరు రాయనా?"

"లారీకి ఈయన అవసరం ఏముంది?" అంది మేడమ్, కాగితాలు సర్దుకుంటూ. "రూలు మీరే చెప్పారు కదా. అవసరమున్న వాళ్ల పేరే రాయాలి. గడియారం అన్నయ్య పేరు రాయండి. గేటు దాకా ట్రాలీ తోసేది కూడా ఆయనే కదా."

స్టోర్సక్క ఆవిడ ముఖంలోకి చూసింది. ఆవిడ కాగితాలే చూస్తోంది. స్టోర్సక్క గడియారం అసలు పేరు, ఇంటిపేరుతో సహా, నెమ్మదిగా టైపు చేసింది.

ఆపే ముందు ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ప్యాకింగు ఆయన "ఒక్క చీటీ పోగొట్టలేదయ్యా నువ్వు," అన్నాడు. గేటు కాపలా ఆయన ఏం తోచక సెల్యూట్ కొట్టాడు. మేడమ్ చెయ్యి తెర మీద ఒక్క క్షణం ఆనించింది, జ్వరం చూసినట్టు. స్టోర్సక్క మాత్రం "మీ పుణ్యాన ఎవరి ముందూ తల దించుకోలేదు," అని, మీట నొక్కి, గుడ్డ కప్పింది.

గడియారం ట్రాలీ తోసుకుంటూ వెళ్లాడు. అరలో మిగిలిన ఆ ఒక్క కొత్త స్ప్రింగూ ఆ పొద్దునే వేయించుకున్నాడు. టిక్కు, టిక్కు, గేటు దాకా వినిపించింది. లారీ వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున కొత్త ప్రోగ్రాం రెండు క్షణాల్లో లేచింది. స్టోర్సక్కకి టీ తాగే టైము దొరకలేదు. తొమ్మిది కాకముందే దూరపు ఆసుపత్రి నుంచి ఒక పాదం అడిగారు, తొమ్మిదింపావుకి అది పెట్టెలో ఉంది. ఏ పాపదో, మధ్యాహ్నం బండిలో బయలుదేరుతుంది. "ఇదీ మంచిదే," అంది స్టోర్సక్క గట్టిగా, ఎవరో వినాలన్నట్టు.

తర్వాత రబ్బరు బిళ్లల కోసం పన్నెండో వరుసకి వెళ్లింది. అడుగు అరలో పెద్దాయన ఉన్నాడు. తను కప్పిన గుడ్డే కప్పుకుని ఉన్నాడు. గుడ్డ కింద ఆకుపచ్చ వెలుగు. ఫ్యాను కొత్తదానిలా తిరుగుతోంది.

"వచ్చారా," అంది స్టోర్సక్క. గుడ్డ తీసి దుమ్ము తుడిచింది.

ఆ పక్క అరలో నూనె జిడ్డుతో ఒక మోకాలి స్ప్రింగు ఉంది.

మేడమ్ వచ్చి చూసింది. కొత్త జాబితాలో వెతికింది. పాత కంప్యూటర్, ప్రోగ్రాంతో సహా, పన్నెండో వరుస, అడుగు అర, నిల్వ ఒకటి. జాబితాలో ఉంది, అరలో ఉంది. ఇక వేలెత్తి చూపడానికి ఏముంది? తన పట్టిక తీసి నలభై రెండో వరుస ఎదురుగా "పూర్తయింది" అని రాసింది. రెండో పట్టికలో మిగిలిపోయిన ఆ ఒక్క స్ప్రింగు వరుసనీ కొట్టేసింది. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, "మీరింకా టీ తాగలేదు కదూ," అంది.

అప్పుడే గడియారం వచ్చాడు. చేతిలో రాజీనామా కాగితం ఉంది, శని ఆదివారాలు కూర్చుని మంచి దస్తూరీతో రాసుకొచ్చాడు. పెద్దాయన్నీ స్ప్రింగునీ చూశాడు. స్ప్రింగు ముట్టుకోలేదు. దాని అవసరం ఇంకా పధ్నాలుగు నెలలకి గానీ రాదు. ఆ రోజు రావాలి, ఆయన చీటీ రాయాలి, అప్పుడు తీసుకోవాలి.

"ఈ అర కొంచెం ఊగుతోంది చెల్లెమ్మా," అన్నాడు.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. మంచి కాలు మీద బరువు వేసి కిందికి వంగి, అర కోడు కింద దోపాడు. చేత్తో ఊపి చూశాడు. కదల్లేదు.

ఆ సాయంత్రం మూడో అంతస్తులో ఆయన భార్య మిషను ఆపి చెవి ఒగ్గింది. కింద మొదటి మెట్టు మీద టిక్కుమంది. ఆవిడ ఎప్పటిలాగే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అరవై నాలుగు కాగానే లేచి తలుపు తీసింది.